యుకులేలే మీద 1674 నాటి 'కనారియోస్': ఐదో నెల సాధన వివరాలు

స్పెయిన్ దేశపు గిటారు విద్వాంసుడు గాస్పర్ సాంజ్ 1674లో సరగోసాలో ప్రచురించిన బోధనా గ్రంథంలోని 'కనారియోస్' అనే నృత్య రచనను టెనర్ యుకులేలే (గిటారును పోలిన చిన్న నాలుగు తంత్రుల వాద్యం) మీద సాధన చేయడం మొదలుపెట్టి ఐదు నెలలైంది. అంతకు ముందు రెండు నెలలు పొరపాటు దారిలో నడిచాను. యుకులేలే నాలుగో తంత్రి మూడో తంత్రి కంటే హెచ్చు శ్రుతిలో ఉంటుంది కనుక అది బరోక్ సంగీతానికి (సుమారు 1600–1750 నాటి ఐరోపా సంగీతానికి) అడ్డమని భావించి, దాన్ని తీసివేసి మంద్ర స్థాయి తంత్రిని బిగించి, జర్మన్ స్వరకర్త బాఖ్ సెల్లో సూట్లలో మొదటిదాని ప్రిల్యూడ్‌ను (ఆరంభ భాగాన్ని) ప్రయత్నించాను. పన్నెండో మెట్టు వరకు లెక్కించినా, ఆ తంత్రితో ఈ వాద్యం పరిధి రెండు స్థాయిల మీద ఒక్క స్వరం మాత్రమే. కింది స్వరాలను పైకి మడిచిన ప్రతిచోటా వాక్యం తెగిపోయింది. తిరిగి పాత తంత్రినే బిగించాను.

ఆ హెచ్చు తంత్రే అసలు వరమని సాంజ్ కాలపు గిటారు శ్రుతిని పరిశీలించినప్పుడు తెలిసింది. ఆ గిటారుకు ఐదు వరుసల తంత్రులుండేవి. సుకుమారమైన మీటుకు నాలుగు, ఐదు వరుసలను కూడా పై స్థాయిలోనే ఉంచడం మేలని సాంజ్ భావించాడు. అలా ఉంచితే మొదటి నాలుగు వరుసల మధ్య ఉండే స్వరాంతరాలు యుకులేలే జి, సి, ఇ, ఎ తంత్రుల మధ్య ఉన్నవే. అందువల్ల డి మేజర్‌లోని మూల రచనను అవే మెట్ల మీద మీటితే జి మేజర్‌లో పలుకుతుంది. లేని ఐదో వరుసకు నేను పాటిస్తున్న నియమం ఇది: దాని స్వరాన్ని మూడో తంత్రి మీద రెండు మెట్లు పైన పట్టుకోవాలి, ఆ తంత్రి అప్పటికే మోగుతూ ఉంటే రెండో తంత్రి మీద రెండు మెట్లు కింద వెతకాలి. మూల గ్రంథాన్ని చదివేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: తంత్రులను గీతలుగా చూపి, పట్టాల్సిన మెట్లను వాటి మీద అంకెలతో రాసే లిపిలో (ట్యాబ్‌లో) అది ఉంది; అందులో మొదటి తంత్రి అట్టడుగు గీత మీద ఉంటుంది, నేటి ట్యాబ్‌కు అది తలకిందులు. నాకు కన్ను అలవాటు పడడానికి మూడు వారాలు పట్టింది.

ఎక్కువ సమయం 'కంపానెలా'కే వెచ్చించాను. చిరుగంట అని అర్థం వచ్చే ఈ పద్ధతిలో వరుస స్వరాలను ఒకే తంత్రి మీద కాక వేర్వేరు తంత్రుల మీద మీటుతారు. అందుచేత ముందు స్వరం ఆగకముందే తరువాతిది దాని మీద మోగుతుంది. నేను రోజూ చేసే అవరోహణ ఇది: సి మొదటి తంత్రి 3వ మెట్టు, బి నాలుగో తంత్రి 4వ మెట్టు, ఎ ఖాళీ మొదటి తంత్రి, జి ఖాళీ నాలుగో తంత్రి, ఎఫ్ షార్ప్ రెండో తంత్రి 2వ మెట్టు. యుకులేలే నాదం త్వరగా సన్నగిల్లిపోతుంది కాబట్టి ఎడమ చేతి వేళ్లను అవసరమైనంత సేపు ఎత్తకుండా ఉంచడమే ఇక్కడి కష్టమంతా. ముగింపు దగ్గర వచ్చే ట్రిల్‌ను (పక్కపక్క స్వరాలు రెండు వేగంగా మారి మారి పలికే అలంకారాన్ని) కూడా ఇలాగే రెండు తంత్రుల మీద, జితో మొదలుపెట్టి, బొటనవేలు, చూపుడువేలు మార్చి మార్చి మీటుతున్నాను. ఒకే తంత్రి మీద వేలు ఆడించినప్పటి కంటే స్వరాలు ఎంతో తేటగా వినిపిస్తున్నాయి.

రికార్డు చేసి వింటే బొటనవేలు మీటే నాలుగో తంత్రి మిగతావాటిని మింగేస్తున్నదని తేలింది. ఆ వేలి గోరును పూర్తిగా కత్తిరించి, కండతో మాత్రమే మీటడం వల్ల చాలావరకు సర్దుకుంది.

లయ విషయానికి వస్తే, ఈ రచనలో ఆరు అక్షరాల కాలం ఒకసారి మూడు మూడుగా, మరోసారి రెండు రెండు రెండుగా విడిపోతుంది. తిస్ర గతి చెవికి అలవాటైన మనకు మొదటిది సులువే కానీ, రెండోదానికి మారేటప్పుడు తొందర పుడుతుంది. మెట్రోనోమ్‌ను ప్రతి ఆరు అక్షరాలకు ఒకే దెబ్బ పడేలా పెట్టి, మధ్య విభజనను చేత్తో తట్టి, ఆ తరువాతే వాద్యం పట్టుకుంటున్నాను. నిమిషానికి 20 దెబ్బలతో మొదలై ఇప్పుడు 34 దగ్గర ఉన్నాను; 36 దాటితే నాలుగో తంత్రి 4వ మెట్టు మీద ఉంగరపు వేలు ఆలస్యమవుతోంది. ఈ నెలంతా ఆ ఒక్క వేలి కోసమే చివరి ఎనిమిది ఆవర్తాలను (ఆరేసి అక్షరాల భాగాలను) విడిగా సాధన చేయబోతున్నాను.