ఎవర్నే అంతలా తిడుతున్నావ్? - నా డీఎస్సీ ప్రిపరేషన్ అనుభవం

2025 సెప్టెంబరు 25న అమరావతిలో డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) నియామక పత్రం అందుకున్నాను. ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టు, ఉమ్మడి తూర్పు గోదావరి. ఊరొచ్చినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, ఏ బుక్స్ చదివావు, రోజుకి ఎన్ని గంటలు అని. బుక్స్ మీ అందరి దగ్గరా ఉన్నవే. నాకు చెప్పాలని ఉన్నది వేరే సంగతి.

నేను నన్ను తిట్టుకుంటూ చదివినదాన్ని. 2018 డీఎస్సీ ఒకటిన్నర మార్కుల్లో పోయింది. ఆ తర్వాత ఎన్నేళ్లు ఎదురుచూశామో మీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, అదీ రద్దయింది. ఆ కోపమంతా నా మీదే తీర్చుకున్నాను. మోడల్ పేపర్ దిద్దుకున్న ప్రతిసారీ చివర్లో ఎర్ర పెన్నుతో రాసేదాన్ని. ‘సిగ్గులేదా’. ‘నీ మొహానికి టీచరుద్యోగమా’. ‘నాన్న ఎండలో కొబ్బరికాయ ఒలుస్తుంటే నువ్వు చేసేది ఇదా’. దాన్ని పట్టుదల అనుకున్నాను.

ఆ ఏడాది రాసిన టెట్ (టీచరు అర్హత పరీక్ష) ఫలితం ఎన్నికలయ్యాక జూన్‌లో వచ్చింది. 150కి నూట పాతిక పైన వస్తాయనుకుంటే 103 వచ్చాయి. డీఎస్సీలో కలిపే టెట్ వెయిటేజీ లెక్కేసుకుంటే 20కి 13.73. అక్కడే మూడు మార్కులు పోయినట్టు. ఇక రోజూ తిట్లే. లెక్కల పుస్తకం తీస్తే తిట్టుకోవాల్సి వస్తుందని తీయడమే మానేశాను. మోడల్ పేపర్లూ ఆపేశాను. బయటికి మాత్రం చదువుతున్నట్టే కనిపించేదాన్ని.

జులైలో ఒక రాత్రి వసారాలో కూర్చుని పాత పేపర్ తిరగేస్తున్నాను. పడుకున్న అమ్మ లేచొచ్చింది.

“ఎవర్నే అంతలా తిడుతున్నావ్? ఫోన్లో ఎవరు?”

ఫోన్ లోపల ఛార్జింగ్‌లో ఉంది. బయటికి తిట్టుకుంటున్నానని నాకే తెలియదు. “ఎవరూ లేరమ్మా” అన్నాను. అమ్మకి చదవడం రాదు. నోట్సులో ఎర్ర సిరా వంక చూసింది, నా మొహం చూసింది. “మరి ఆ మాటలు ఎవరికే?” అంది. నేనేమీ చెప్పలేకపోయాను.

ఆ వారమే గోదావరికి వరదొచ్చి సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఆపేశారు. నరసాపురం లైబ్రరీకి వెళ్లే దారి లేక ఇంట్లోనే ఉండిపోయాను. పక్కింటి బాబు, మూడో తరగతి, హోంవర్క్ పట్టుకొచ్చాడు. 402లోంచి 157 తీసేయాలి. వాడు 355 వేశాడు. పై అంకె, కింది అంకె అని చూడకుండా ప్రతి స్థానంలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు. కొబ్బరీనెలు విరిచి పదుల కట్టలు, వందల కట్టలు కట్టించాను. ఒక వంద కట్ట విప్పి పది పదులు చేశాం, అందులో ఒక పదిని విప్పి ఒకట్లు చేశాం. ఇరవై నిమిషాల్లో వాడే 245 అన్నాడు. ఆ ఇరవై నిమిషాల్లో నేను వాణ్ణి ఒక్క మాట అనలేదు. అనాలనిపించలేదు కూడా.

ఆ రాత్రి డీఎస్సీ సిలబస్‌లోని విద్యా దృక్పథాలు రివిజన్. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17: పిల్లలకి శారీరక దండన, మానసిక వేధింపు నిషేధం. వంద సార్లు చదివిన సెక్షన్. ఆ రోజు మాత్రం నా నోట్సులో ఎర్ర గీతలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ మాటలే రేపు బడిలో ఒక పిల్లాణ్ణి అంటే నేను చట్టం తప్పినదాన్నే కదా. సైకాలజీలోనూ ఉన్నదే. సైకాలజిస్టు థార్న్‌డైక్, బహుమతి అభ్యసనాన్ని బలపరుస్తుంది, శిక్ష బలహీనపరుస్తుంది అన్న తన ఫలిత నియమాన్ని 1930 తర్వాత తనే సవరించుకున్నాడు, బహుమతి అభ్యసనాన్ని బలపరిచినంతగా శిక్ష దాన్ని బలహీనపరచదని. దీని మీద బిట్ వస్తే పెట్టేదాన్ని. నాకు వర్తిస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు కొత్త నోట్సు మొదలుపెట్టాను, నీలం పెన్నుతో. తప్పు గురించే రాయాలి, నా గురించి ఒక్క మాటా రాయకూడదు. ఒక మోడల్ పేపర్లో 38 తప్పులొస్తే మూడు రకాలుగా విడదీశాను: అసలు చదవనివి, చదివి మర్చిపోయినవి, తెలిసీ తప్పు పెట్టినవి. మూడో రకం 14 వచ్చాయి. వాటిలో ఎక్కువ ‘కింది వాటిలో సరికానిది’ అన్న ప్రశ్నలే! ‘కానిది’ నా కంటికి ఆనలేదు. ఆరేళ్లుగా నేను మొద్దుననుకున్నాను, అక్కడున్నది ఇంతే. అప్పటి నుంచి అలాంటి ప్రశ్న కనిపిస్తే ముందు రఫ్ కాగితం మీద ‘కా’ అని రాసి, తర్వాతే ఆప్షన్లు చూసేదాన్ని. అక్టోబరు టెట్‌లో 128 వచ్చాయి.

తిట్టుకోకపోతే బద్ధకం వస్తుందని కొందరంటారు. నేనూ అలాగే అనేదాన్ని. తిట్టుకున్న రోజుల్లో నేను నిజంగా చదివింది నాలుగు గంటలు. మానేశాక ఏడు దాటింది, ఎందుకంటే పుస్తకం తీయడానికి భయం పోయింది. నేను కష్టపడలేదని ఎవరూ అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టుల నోటిఫికేషన్ వచ్చాక పెళ్లిళ్లకి వెళ్లలేదు, తీర్థాలకి వెళ్లలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. క్రమశిక్షణ లేకుండా ఈ ఉద్యోగం రాదు. కానీ మిమ్మల్ని మీరు కించపరుచుకోవడాన్ని క్రమశిక్షణ అనకండి, దయచేసి.

పరీక్షలో గణితం దగ్గర వరసగా నాలుగు బిట్లు రాలేదు. పాత గొంతు మళ్లీ మొదలైంది. రఫ్ కాగితం మీద ‘నాలుగు, తర్వాత’ అని రాసి సైన్స్‌కి వెళ్లిపోయాను. చివర్లో తిరిగొస్తే రెండు వచ్చాయి. మిగతా రెండూ ఊహించి పెట్టినవే, అర మార్కు చొప్పున పోయి ఉంటాయి.

మొన్న మా పిన్ని కూతురు టెట్‌కి చదువుతున్నానని నా తప్పుల నోట్సు అడిగింది. నీలం పెన్నువి మూడూ ఇచ్చేశాను. ఎర్ర పెన్నువి కూడా అడిగింది. వాటిలో చదువుకోవడానికి ఏమీ లేదే అన్నాను.