బంటీ కరిచాక పది రోజులు

పార్శిల్ తెచ్చిన అబ్బాయి గేటు తోసుకుని లోపలికి ఒక అడుగు వేశాడో లేదో, వరండాలో పడుకున్న మా బంటీ ఒక్క ఉదుటున వెళ్ళి పిక్క పట్టుకుంది. నేను అరుస్తూ వచ్చి మెడపట్టీ పట్టి లాగేసరికే ప్యాంటు చిరిగింది. నాలుగు పళ్ళ గాట్లు, రెండింట్లోంచి రక్తం. ఆరేళ్ళలో ఎవరినీ కరవని కుక్క. కానీ ఆ మాట అప్పుడు ఆ అబ్బాయికి చెప్పి ఏం లాభం?

బంటీని గదిలో పెట్టి గడియ వేశాను. అబ్బాయిని కుళాయి దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో గాయం కడగడం మొదలుపెట్టాను. "చాలక్కా, మండుతోంది" అంటున్నా ఆపలేదు. గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలూ ధారగా నీళ్ళు పోస్తూ కడిగాను. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని దెబ్బతీస్తుంది. కుక్క కరిచినప్పుడు ఇంట్లో మన చేతిలో ఉన్న అసలైన చికిత్స అదొక్కటే. ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "కుక్కకి టీకా వేయించారా?"

"వేయించామండీ."

"చివరిసారి ఎప్పుడు?"

అక్కడ నాకు నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి ఫైలు తీసి చూస్తే, మళ్ళీ వేయించాల్సిన తేదీ దాటి రెండున్నర నెలలు అయింది. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ నేనే వాయిదా వేశాను. డాక్టర్ మాత్రం దేనికీ ఎదురుచూడలేదు. అబ్బాయికి ఆ సాయంత్రమే మొదటి డోసు వేసి, కరిచిన సంగతి జంతు నియంత్రణ విభాగానికి రాసి పంపారు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున్నే వల, ఉచ్చు కర్రతో వచ్చి బంటీని ఈడ్చుకుపోతారనే ఊహించుకున్నాను. బండి వచ్చింది, వెనకాల బోనులూ ఉన్నాయి. కానీ దిగిన అధికారి చేతిలో ఒక ఫైలు, ఒక స్కానరు మాత్రమే ఉన్నాయి. ఆయన ముందు కుక్కను చూడలేదు, గేటు చూశారు. గడియ పైకెత్తి వదిలారు. అది గాడిలో పడలేదు. గేటు కిర్రుమంటూ తనంతట తానే తెరుచుకుంది. "ఎన్నాళ్ళుగా ఇలా ఉందమ్మా?" అన్నారు. చాలా రోజులుగా అన్నాను. రాసుకున్నారు.

తర్వాత స్కానరును బంటీ భుజాల మధ్య మెల్లగా ఆడించారు. బీప్ మని పదిహేను అంకెలు కనిపించాయి. కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ బియ్యపు గింజంత ఉంటుంది, అందులో బ్యాటరీ ఉండదు, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. ఒక నంబరు చెబుతుంది, అంతే. ఆ నంబరుకు ఎదురుగా రిజిస్టరులో మనమిచ్చిన ఫోన్ నంబరు ఉంటుంది. మాది నేను ఎప్పుడో వదిలేసిన పాత నంబరు. బంటీ తప్పిపోయి ఉంటే వాళ్ళు ఎవరికి ఫోన్ చేసేవాళ్ళు? ఇప్పటికీ అది తలుచుకుంటే గుండె జారిపోతుంది.

ఈ మధ్య వేరే జంతువుతో ఏమైనా కొట్లాడిందా, ఒంటి మీద గాయాలున్నాయా, ఇంట్లో పిల్లి ఉందా, అన్నీ అడిగారు. "ఇప్పుడే తీసుకెళ్ళి టీకా వేయించేస్తాను సార్" అన్నాను. వద్దన్నారు. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలట, ఆ రోజుల్లో వేయిస్తే, టీకా వల్ల ఎప్పుడైనా కుక్క నలతగా ఉన్నా అది రేబిస్ లక్షణమో కాదో తేల్చుకోవడం కష్టమట.

పది రోజులే ఎందుకని అడిగితే, నిలబడే ఓపిగ్గా చెప్పారు. కుక్క ఒంట్లోకి వైరస్ చేరాక అది నరాల వెంట మెదడుకు చేరడానికి వారాలు, నెలలు కూడా పట్టొచ్చు. మెదడుకు చేరాకే లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. లాలాజలంలోకి వచ్చిందంటే, కుక్కలో జబ్బు బయటపడి అది చనిపోవడం రోజుల్లోనే జరిగిపోతుంది. కాబట్టి కరిచిన రోజున దాని నోట్లో వైరస్ ఉండి ఉంటే, పది రోజులు ఆరోగ్యంగా ఉండదు. ఇంత సూటిగా నాకు ముందెవరూ చెప్పలేదు.

టీకా గడువు దాటింది, గేటు సరిగా లేదు కాబట్టి షెల్టరుకు తీసుకెళ్ళాలి అన్నారు. నేను బతిమాలాను. సాయంత్రం లోపు గేటు బాగుచేయిస్తే ఇంట్లోనే ఉంచడానికి ఒప్పుకుంటామన్నారు. మధ్యాహ్నం వెల్డింగ్ మనిషి వచ్చి కొత్త గడియ, స్ప్రింగు బిగించి వెళ్ళాడు. సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చి, గేటును నాలుగుసార్లు తీసి వదిలి చూశాకే సంతకం పెట్టారు. షరతులు: బంటీ గడప దాటకూడదు, పెరట్లోకి కూడా తాడుతోనే, వేరే జంతువులు దగ్గరికి రాకూడదు. గొంతు మారినా, మింగలేకపోయినా, చొంగ ఎక్కువగా కారినా, వెనక కాళ్ళు తూలినా వెంటనే ఫోన్ చేయాలి. ఒకవేళ చనిపోతే పాతిపెట్టకూడదు, పరీక్షకు ఇవ్వాలి. ఈ చివరి వాక్యం కింద సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది.

మొదటి మూడు రోజులు మామూలుగానే గడిచాయి. నాలుగో రోజు పొద్దున్న బంటీ తిండి ముట్టలేదు. పిలిస్తే తల ఎత్తి మళ్ళీ దించేసుకుంది. నేనే వెటర్నరీ ఆస్పత్రికి తీసుకుపోదామనుకున్నాను, కానీ ఫోన్ చేస్తే, కదిలించొద్దని చెప్పి జంతు నియంత్రణ వాళ్ళే డాక్టర్ని పంపారు. ఆయన చూసి, ఇప్పుడే ఏమీ చెప్పలేం, రేపటిదాకా చూద్దాం అన్నారు.

ఆ అబ్బాయికి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తానని మాట ఇచ్చాను. ఆ రోజు ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బాగానే ఉందని ఒక అబద్ధం చెబితే అతను హాయిగా పడుకుంటాడు. కానీ ఆ మాట నమ్మి రెండో డోసు మానేస్తే? లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు ఉండదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత, "అక్కా, నాకు మూడేళ్ళ పాప ఉంది. దగ్గరికి తీసుకోవచ్చా?" అన్నాడు. నేను టీకా రెండున్నర నెలలు వాయిదా వేసినందుకు ఆ ఇంట్లో అలాంటి ప్రశ్న పుట్టింది. డాక్టర్ని అడిగి వెంటనే చెప్పాను, భయం లేదు, ఎత్తుకోవచ్చని.

ఆ అర్ధరాత్రి బంటీ ఇల్లు తుడిచే గుడ్డ ముక్క ఒకటి కక్కింది. తెల్లారేసరికి గిన్నె నాకి నాకి ఖాళీ చేసింది. గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

మిగతా రోజులు ఏ గొడవా లేకుండా గడిచాయి. పదో రోజు ముగిశాక అధికారి వచ్చారు. బంటీ మొరుగుతుంటే గొంతు విన్నారు, అటూ ఇటూ నడిపించి చూశారు, నీళ్ళు తాగుతుంటే గుటక పడుతోందో లేదో వంగి చూశారు. కాగితం మీద ముద్ర వేశారు. ఆ మధ్యాహ్నమే టీకా వేయించి, అక్కడే కూర్చుని చిప్ రిజిస్టరులో నా నంబరు మార్పించాను. వచ్చే సంవత్సరం తేదీ ఫ్రిజ్ తలుపు మీద అంటించాను.

అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. మిగిలిన డోసుల సంగతి డాక్టర్నే అడగమన్నాను, ఖర్చు ఎలాగూ నాదే. "సరే అక్కా" అని, వెనక్కి తిరిగి ఎవరికో "కుక్క బాగుందట" అని గట్టిగా చెప్పడం వినిపించింది. లోపలి నుంచి ఒక చిన్నపిల్ల గొంతు "ఏ కుక్క నాన్నా?" అంది.