విజయనగరం చూడాలంటే ఆటో ఎక్కండి, కల్లు మాత్రం సాయంత్రమే

విజయనగరం చూడ్డానికి కారు పనికిరాదు. చాలాకాలంగా అందరికీ ఇదే చెబుతున్నాను. అద్దాలు ఎత్తేసుకుని ఏసీ వేసుకుని కూర్చుంటే గంటస్తంభం దగ్గర ట్రాఫిక్ తప్ప ఇంకేం కనబడదు, కోట దగ్గర పార్కింగ్ వెతుక్కునేసరికి ఉన్న ఓపిక కాస్తా అయిపోతుంది. పోనీ నడుద్దామా అంటే ఏప్రిల్ ఎండలో పిల్లలు పది అడుగులకే కూలబడతారు. ఆటో అయితే రెండు పక్కలా తెరిచి ఉంటుంది, మెయిన్ రోడ్డులో బట్టల కొట్లవాళ్ల కేకలు, పూల వాసన, గుడి గంట అన్నీ లోపలికి వస్తాయి, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతుంది.

మన ఊళ్లో ఆటో కట్టించుకుని తిరగడం కొత్తేమీ కాదు. పెళ్లికొచ్చిన చుట్టాల్ని పైడితల్లి గుడికి, అటునుంచి రామతీర్థానికి అలాగే పంపిస్తాం. కానీ దాన్ని ఒక టూర్‌లాగా, కథ చెప్పేవాడితో సహా, చివర్లో ఊరి పానీయం రుచి చూపించి మరీ నడపొచ్చని నాకు తెలిసింది పోర్చుగల్‌లోని పోర్టోలో. తమ్ముడు అక్కడ చదువుకునే రోజుల్లో వెళ్లాను. ఏటవాలు సందులున్న ఊరు అది, పెద్ద బస్సులు దూరలేని చోట్లు చాలా ఉన్నాయి, అందుకే టూరిస్టుల్ని మూడు చక్రాల బండ్లలో తిప్పుతారు. ఆ బండ్లలో చాలావాటిని చూడగానే గుర్తుపట్టాను, మన దగ్గర తిరిగే ‘ఆపే’ (Ape) రకం ఆటోలే, కాకపోతే సీట్లూ రంగులూ కాస్త షోకుగా ఉన్నాయి. ఇటలీ వాళ్ల పియాజ్జియో కంపెనీ 1948లో మొదలుపెట్టిన బండి అది, ఇప్పుడు మహారాష్ట్రలోని బారామతిలోనూ తయారవుతోంది. మేం ఎక్కింది కరెంటు బండి. చప్పుడు లేదు కాబట్టి డ్రైవరమ్మ చెప్పే ప్రతి మాటా వెనక సీట్లోకి వినిపించింది. నడిపేదీ ఆవిడే, చెప్పేదీ ఆవిడే.

నీలం బొమ్మల పలకలతో గోడలన్నీ నింపేసిన సావ్ బెంతో రైల్వే స్టేషన్ చూపించింది, ఆ పలకలు ఇరవై వేల దాకా ఉంటాయట. తర్వాత డోరో నది మీద 1886లో కట్టిన రెండంతస్తుల ఇనప వంతెన, అది దాటాక అవతలి ఒడ్డున వైన్ నిలవచేసే పాత గిడ్డంగులు. టూర్ అక్కడితో అయిపోతుంది, బండి దిగి లోపలికి వెళ్తే టేస్టింగ్.

ఆ టేస్టింగ్‌లో ఒక విషయం నన్ను పట్టుకుంది. పోర్ట్ వైన్ తియ్యగా ఎందుకుంటుందో ఆ గిడ్డంగిలో పనిచేసే కుర్రాడు చెప్పాడు. ద్రాక్షరసం పులుస్తున్నప్పుడు అందులోని ఈస్ట్ చక్కెరని తినేసి ఆల్కహాల్ చేస్తుంది. ఆ పని పూర్తయ్యేదాకా వదిలేస్తే తీపి మిగలదు. వీళ్లు సగంలోనే ద్రాక్ష నుంచి తీసిన గాఢమైన సారాయి లాంటిది కలుపుతారు, దాని ఘాటుకి ఈస్ట్ చచ్చిపోతుంది, మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. అందుకే తీపికి తీపి, పైగా మామూలు వైన్ కంటే ఎక్కువ, ఇరవై శాతానికి దగ్గరగా ఆల్కహాల్. గ్లాసు పట్టుకుని ఆ మాట వింటుంటే నా బుర్రలో తిరిగింది ద్రాక్ష కాదు, నెల్లిమర్ల వైపు చెరువుగట్టు మీద తాటిచెట్లకి వేలాడే ముంతలు. మనవాళ్లు చేసే పనీ ఇదే కదా, ఎక్కడ ఆపాలో తెలిసి పులియబెట్టడం! వాళ్లు సారాయితో ఆపుతారు, మన గీత కార్మికుడు ముంతకి లోపల సున్నం పూసి ఆపుతాడు. డోరో లోయలో ఎక్కడ పండిన ద్రాక్షతో ఈ వైన్ చెయ్యాలో 1756లోనే సర్కారు హద్దులు గీసిందని అతను గర్వంగా చెప్పాడు. 1756 అనగానే నాకు ఆ మరుసటి ఏడు జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం గుర్తొచ్చింది. వాళ్ల ఊరి చరిత్ర ఆటోలో చెప్పుకొస్తూ ఆఖరికి గ్లాసులో పోసి ఇస్తున్నారు, మన ఊరి చరిత్ర మనం ఏ బండిలోనూ ఎవరికీ చెప్పడం లేదు. ఆ బాధతోనే తిరిగొచ్చాను.

అందుకని మొన్న ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి అప్ప (అక్క), బావ పిల్లల్తో వస్తే ఈ టూర్ నేనే చేయించాను. మా వీధిలో ఆటో నడిపే బాబాయ్‌ని ముందురోజే మాట్లాడి పెట్టుకున్నాను. షేర్ ఆటో లెక్కల్లో కాకుండా పూటకి ఇంత అని అడగాలి, వెయిటింగ్ కూడా అందులోనే అని ఖాయం చేసుకోవాలి, లేకపోతే మాటిమాటికీ ఆగడానికి వాళ్లకీ ఇబ్బంది. బాబాయ్ మందు ముట్టడు. చివర్లో కల్లు ఉన్న టూర్‌కి మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

మధ్యాహ్నం మూడింటికి కోట జంక్షన్ నుంచి బయల్దేరాం. కోటకి 1713లో పునాది వేశారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం ఇలా విజయాలన్నీ కలిసొచ్చే రోజు చూసుకుని ముహూర్తం పెట్టారని, జాగా చూపించింది మహబూబ్ వలీ అనే ఫకీరు అని ఇక్కడ చెప్పుకుంటారు. ఈ ఫకీరు మాట నేను ఎవరొచ్చినా తప్పకుండా చెబుతాను. హిందూ రాజు కోటకి ముస్లిం సాధువు చోటు చూపించాడన్నది మా ఊరు తన గురించి తాను చెప్పుకునే కథ, దాన్ని వదిలేసి రాళ్ల కొలతలు చెబితే ఏం లాభం? లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి, పిల్లలు సైకిళ్లేసుకుని ఆ పెద్ద ద్వారం కింద నుంచే రాకపోకలు. బావకి అది భలే నచ్చింది. "మా దగ్గర కోటంటే టిక్కెట్టు, ఇక్కడ కోటంటే క్లాసుకి లేటయిపోవడం" అన్నాడు.

సంగీత కళాశాల దగ్గర ఎక్కువసేపు ఆగాం. 1919లో మొదలైంది. రాజావారి కొలువులో పనిచేసే ఉద్యోగి కొడుక్కి చూపు లేదని, ఆ అబ్బాయికి సంగీతం చెప్పించడం కోసం మొదలైన ఆలోచన అందరికీ పనికొచ్చే కాలేజీగా మారిందని పెద్దవాళ్లు చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇక్కడే వయొలిన్ చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు ఇక్కడే చదువుకున్నారు, సుశీల గారూ ఇక్కడే. మా అప్ప పొద్దున్నే ఫోన్లో సుశీల పాట పెట్టుకోకుండా వంటింట్లోకి అడుగుపెట్టదు, అలాంటిది ఆవిడ చదువుకున్న కాలేజీ తన పుట్టింటికి ఇంత దగ్గర్లో ఉందని ఇన్నేళ్లూ తనకి తెలీదు. "ఏటిరా, నాకెవరూ చెప్పలేదే" అంటూ గేటు పట్టుకుని నిలబడిపోయింది. చెప్పేవాళ్లు లేకపోవడమంటే ఇదే. బోర్డు ఉంటే సరిపోదు, ఆటో ఆపి చెయ్యి చూపించి చెప్పే మనిషి ఒకడు కావాలి.

గురజాడ వారి ఇంటి దగ్గర పిల్లలు దిగనన్నారు, అప్పటికే నీళ్ల సీసాలు ఖాళీ అయిపోయాయి, సరే అని ముందుకెళ్లిపోయాం. గంటస్తంభం దగ్గర బాబాయ్ తనే చెప్పడం మొదలుపెట్టాడు, ఎనిమిది పలకలుంటాయి లెక్కెట్టండని పిల్లలకి పని పెట్టాడు, ఆటో చుట్టూ తిప్పాడు. 1885లో కట్టారు, 68 అడుగుల ఎత్తు. అంటే పోర్టో వంతెన కంటే ఏడాది పెద్దది, నాకు ఇలాంటి లెక్కలు ఇష్టం.

మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి, అంటే ఊళ్లో ఉన్న గుడి. ఇక్కడ బాబాయ్‌ని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. బొబ్బిలి యుద్ధంలో అన్నగారు విజయరామరాజు పోయాక చెల్లెలు పైడితల్లి తట్టుకోలేక అమ్మవారిలో ఐక్యమైపోయిందని, ఆ విగ్రహం పెద్దచెరువులో దొరికిందని మాకందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన కథే, అయినా బాబాయ్ హ్యాండిల్ వదిలేసి వెనక్కి తిరిగి చెబుతుంటే మళ్లీ కొత్తగా విన్నాం. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను. చింతమాను తెచ్చి, దాని చివర కట్టిన కుర్చీలో పూజారి కూర్చుంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. "మానెంత పొడుగుంటాది?" అని చిన్నాడు అడిగితే బాబాయ్ రోడ్డు మీద ఓ కొట్టు చూపించి అక్కడ మొదలుపెట్టి ఇక్కడిదాకా అని వేలితో కొలిచి చూపించాడు. సిరిమాను నాడు ఆ రోడ్డులో ఆటో కాదు కదా చీమ కూడా దూరదు, కాబట్టి ఆ దారి తాపీగా చూడాలంటే మామూలు రోజే మంచిది.

ఇక కల్లు.

ఇది సాయంత్రమే ఎందుకంటే, తాటిచెట్టుకి పొద్దున, సాయంత్రం రెండుపూటలా గీస్తారు. సాయంత్రం ఐదున్నరకి వెళ్తే పొద్దున దింపిన కల్లు కుండలో ఉంటుంది, అప్పుడే దింపిన ముంత చేతిలో ఉంటుంది. ఒకే చెట్టు, ఒకే గెల, వయసులో తేడా. ఇలాంటి టేస్టింగ్ ఏ వైన్ గిడ్డంగిలోనూ దొరకదు. అక్కడ ఆ తేడాకి ఏళ్లు పడుతుంది, ఇక్కడ ఒక్క పగలు చాలు. గెల నుంచి అప్పుడే కారిన రసంలో పది శాతం పైచిలుకు చక్కెర, ఎండకి, గాలికి, ముంత అడుగున ఉండిపోయిన మడ్డికి ఈస్ట్ వెంటనే పనిలోకి దిగుతుంది, సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాల్ తయారు. ద్రాక్షని వైన్ చేసే ఈస్ట్ జాతే కల్లులోనూ ఉంటుంది.

నెల్లిమర్ల వైపు మాకు తెలిసిన మావయ్య ఒకాయన చెట్లు గీస్తాడు. లైసెన్సు ఉన్నవాడు. నడుముకి తాడు, కాళ్లకి బంధం వేసుకుని, అంత పొడుగు చెట్టు ఆయన ఎక్కుతుంటే మా బావ ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయి చూశాడు. పైన గెల కొసని పల్చగా చెక్కి, పాత ముంత విప్పి, కొత్తది కట్టి దిగేసరికి ఆయన ఒళ్లంతా చెమట. తప్పటడుగు పడితే అంతే సంగతులు, ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాం. పోర్టోలో ద్రాక్ష తొక్కేవాళ్ల ఫొటోలు గోడలకి పెద్దపెద్దవి పెట్టుకున్నారు. చెట్టెక్కే మనిషి ఫొటో మన ఊళ్లో ఏ గోడ మీదైనా చూశారా? మావయ్య కొడుకు ఈ పనిలోకి రానన్నాడు, విశాఖలో ఉద్యోగం చూసుకున్నాడు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. కానీ ఇలా చూడ్డానికి, తెలుసుకోడానికి మనుషులొచ్చి ఆ పనికి తగ్గ డబ్బూ మర్యాదా ఇస్తే వచ్చే తరంలో ఒకడైనా ఎక్కుతాడేమో అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తాటాకు దొప్పలు మడిచి ఇచ్చాడు. పొద్దుటి కల్లు ముందు తీసుకోబోతే బావని ఆపేశాడు. "అది గట్టిగుంటాది బావూ. ముందు తీపిది తాగండి. తిరగేసి తాగితే దీని రుచి తెల్దు." పోర్టోలో కుర్రాడూ ఇదే పద్ధతిలో గ్లాసులు వరసగా పెట్టాడు, తేలికైనది ముందు, బరువైనది చివర. మావయ్యకి ఆ పాఠం ఎవరూ చెప్పలేదు, నాలిక చెప్పింది.

తాజాది తియ్యగా, పల్చగా, కొంచెం ముంజె వాసనతో ఉంది. పొద్దుటిది తెల్లగా నురగ కట్టి, ముక్కు దగ్గరికి రాగానే పుల్లటి ఘాటు, నాలిక మీద చురుక్కుమంటూ చిన్న గ్యాస్, తీపి ఎక్కడో అడుగున ఉండీ లేనట్టు. బావకి రెండోది నచ్చింది, అప్పకి మొదటిది. ఒక్కో దొప్పతో ఆపేశాం, ఇది రుచి చూడ్డం కోసం వచ్చిన పని. మూడోది పిల్లల కోసం, సున్నం పూసిన ముంతలో దిగిన నీరా. సున్నం ఉంటే ఈస్ట్ పని చెయ్యదు, మత్తుండదు, కాసేపు కదపకుండా ఉంచి పైన తేరుకున్నది వంచుకుని తాగాలి. పిల్లలకి నీరా కంటే ముంజెలే ఎక్కువ నచ్చాయి, బొటనవేలు పెట్టి పొడిచి లాగేయడం మావయ్యే నేర్పాడు. అప్ప ఇంటి నుంచి తెచ్చిన చేపముక్కల వేపుడు, ఉడకబెట్టిన శనగలు పొద్దుటి కల్లుకి సరిగ్గా సరిపోయాయి, ఉప్పూ కారం పడితే ఆ పులుపు మెత్తబడుతుంది.

కల్లు ఎప్పుడైనా చెట్టు కిందే తాగండి. ఊళ్లో సీసాల్లో, ప్యాకెట్లలో వచ్చేదాంట్లో ఏం కలిపారో చెప్పలేం, మత్తు కోసం మందులు కలిపిన కల్లు తాగి మనుషులు ఆస్పత్రి పాలైన వార్తలు చదువుతూనే ఉన్నాం. కళ్లముందు దిగిన ముంతకి ఆ భయం లేదు.

తాటి కల్లు వేసవిదాకానే, వానలు పడ్డాక మావయ్య చెట్టెక్కడు. చలికాలంలో ఈతకల్లు ఉంటుంది, దాని రుచి వేరు, ముంజెలు మాత్రం ఉండవు. మార్చి నుంచి మే లోపల వచ్చేవాళ్లుంటే నాకు రెండ్రోజుల ముందు చెప్పండి, బాబాయ్‌ని ఖాళీ ఉంచమనాలి, పిల్లలుంటే ఆ సంగతి కూడా చెప్పండి, నీరా కావాలంటే మావయ్య ముందుగానే ముంతకి సున్నం రాసి కట్టాలి.