పిల్లలతో మానసిక ఆరోగ్య పరిశోధన: ఎథిక్స్ కమిటీ అనుమతి నుంచి నివేదిక దాకా

సోషల్ వర్క్‌లో పిహెచ్‌డి కోసం నేను ఎంచుకున్న అంశం చెప్పడానికి చిన్నదే. మానసిక ఆరోగ్య సేవలు పొందుతున్న 12 నుంచి 17 ఏళ్ల పిల్లలను, వారి చికిత్స గురించి నిర్ణయాలు తీసుకునేటప్పుడు పెద్దలు ఏ మేరకు సంప్రదిస్తున్నారన్నది అందులోని ప్రశ్న. దీనికి ఆధారం 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక. తన అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకూ, తనకు సంబంధించిన అన్ని విషయాల్లో ఆ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు ఉందనీ, వయసునూ పరిణతినీ బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలనీ 12వ అధికరణం చెబుతుంది. అదే ఒడంబడికలోని 3వ అధికరణం బిడ్డ శ్రేయస్సుకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది, 16వది గోప్యతను కాపాడమంటుంది, 19వది హింస నుంచి రక్షించమంటుంది. కాగితం మీద పక్కపక్కన ఒద్దికగా ఉండే ఈ అధికరణాలు ఒక బిడ్డ ఎదురుగా కూర్చున్నప్పుడు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో, పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అడిగిన ప్రశ్నల్లో బయటపడింది.

మాటల మధ్యలో ఒక బిడ్డ తనను తాను గాయపరచుకోవాలనిపిస్తోందని చెబితే మీరేం చేస్తారు? తల్లిదండ్రుల సమ్మతి తీసుకుని మాట్లాడుతున్నప్పుడు, సమస్య ఇంట్లోనే ఉందని ఆ బిడ్డ చెబితే ఆ మాట ఎవరికి చేరుతుంది? ఇలాంటి సందర్భాల్లో రికార్డింగ్ ఆపడం, బిడ్డను ఒంటరిగా వదలకుండా ముందే నిర్ణయించుకున్న వైద్య సిబ్బందికి ఆ రోజే తెలియజేయడం, ఎవరికి ఏం చెప్పబోతున్నానో అంతకంటే ముందు ఆ బిడ్డకే చెప్పడం అన్న క్రమాన్ని రాసి ఇచ్చాను. ‘నువ్వు చెప్పినదంతా రహస్యంగా ఉంచుతాను’ అన్న వాక్యాన్ని అంగీకార పత్రంలోంచి తీసేసి, ఏది దాచగలనో ఏది దాచలేనో రెండు వాక్యాల్లో పెట్టాను. చెప్పిన మాటలను వెనక్కి తీసుకోవచ్చనీ, విశ్లేషణ మొదలయ్యాక మాత్రం అది కుదరదనీ కూడా చేర్చాను.

25 ప్రశ్నలుండే ఎస్‌డీక్యూ (స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనేర్) అన్న ప్రశ్నావళిని కూడా వాడమని ఒక సూచన వచ్చింది. పిల్లల భావోద్వేగ, ప్రవర్తనా సమస్యలను పైపైన గుర్తించడానికి అది పనికొచ్చే సాధనమే కానీ, దానితో రోగ నిర్ధారణ జరగదు. పైగా ఎవరికైనా ఎక్కువ స్కోరు వస్తే ఆ తర్వాత చేయాల్సిన పని పరిశోధకురాలి బాధ్యత అవుతుంది. నా ప్రశ్నకు ఆ అంకెలు అవసరం లేదు కనుక వద్దన్నాను. అక్కర్లేని సమాచారం సేకరించకపోవడం కూడా పిల్లల గోప్యతలో భాగమేనని నా అభిప్రాయం.

అనుమతి వచ్చాక అసలు అడ్డంకి సేవా కేంద్రాల దగ్గర ఎదురైంది. ‘బాగా మాట్లాడే’ పిల్లలను సిబ్బంది ఎంపిక చేసి పంపుతామన్నారు. ఉద్దేశం మంచిదే, కానీ అలా చేస్తే అందరికంటే ఎక్కువ అసంతృప్తితో ఉన్నవారే అధ్యయనంలోకి రాకుండా పోతారు. అందుకని ఆ వయసు పిల్లలందరికీ సమాచారం ఇవ్వాలనీ, ఎవరినైనా పక్కన పెట్టాలంటే వైద్యపరమైన కారణం రాసి ఇవ్వాలనీ ఒప్పించాను.

రికార్డర్‌ను పిల్లల చేతికే ఇచ్చేదాన్ని. ఒకమ్మాయి మందు మోతాదు మార్చిన సంగతి చెబుతూ చెబుతూ బటన్ నొక్కి ఆపేసి, కాసేపు వేరే విషయం మాట్లాడి, తర్వాత తానే మళ్లీ ఆన్ చేసి, “ఇప్పుడు రాసుకోండి మేడమ్” అంది. ఆపినప్పుడు ఆమె అన్నది నా థీసిస్‌లో లేదు. ఆపమని అడగని పిల్లలూ ఉన్నారు. వరుసగా ‘ఏమో’, ‘తెలీదు’ అంటూ తలుపు వైపు చూసేవారు. పత్రం మీద సంతకం ఉన్నా, దాన్ని నిరాకరణగానే తీసుకుని సంభాషణ ముగించాను.

12వ అధికరణాన్ని అమలు చేయడానికి నాలుగు అంశాలు కావాలని బాలల హక్కుల పరిశోధకురాలు లారా లండీ 2007లో ప్రతిపాదించారు: మాట్లాడే చోటు, గొంతు, వినేవారు, ఆ మాటకు ప్రభావం. నా విశ్లేషణకు ఈ చట్రాన్నే తీసుకున్నాను. తీరా చూస్తే కమిటీ ప్రశ్నలన్నీ మొదటి రెండింటి దగ్గరే ఆగాయి. మాట్లాడే పిల్లలను ఎలా కాపాడతారని, ప్రమాదం ఉన్న మాట ఎవరికి చేరుతుందని అడిగారు గానీ, చికిత్స గురించి వారు చెప్పిన అభిప్రాయం ఎవరి దగ్గరికి వెళ్తుందో, దానివల్ల ఏం మారుతుందో ఎవరూ అడగలేదు. ఆ లోటు నేనే పూడ్చుకోవాల్సి వచ్చింది. ముసాయిదాను పిల్లలకు చదివి వినిపించి, వారు వద్దన్న చోట్ల మాటలు మార్చి, సేవా కేంద్రాల నిర్వాహకులకు విడిగా చిన్న నివేదిక ఇచ్చి, ప్రతి సూచనకూ ఒప్పుకుంటున్నారో లేదో, లేకపోతే ఎందుకో రాతపూర్వకంగా జవాబు అడిగాను. వచ్చిన జవాబులను పిల్లలకు చేరవేశాను. ముగింపు నివేదిక కోసం కమిటీ ఇచ్చిన ఫారంలో వీటికి గడి లేదు కాబట్టి, ఆ జవాబుల ప్రతులను అనుబంధంగా జతచేసి పంపాను.