పండుగప్ప లూర్లకు సింగిల్ హుక్కులు

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, పోటు ఆగి నీరు వెనక్కి తీయడం మొదలయ్యే వేళ, మడచెట్ల వేళ్ల అంచున లూర్ (చిన్న చేపలా ఈదే నకిలీ ఎర) విసిరి పండుగప్ప కోసం ఎదురుచూడడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. పోయిన ఏడాది వానాకాలం చివర పడిన ఒక చేప కారణంగా, నా పెట్టెలోని లూర్లకు మూడు కొనల గాలాలు (ట్రెబుల్ హుక్కులు) తీసి, ఒంటి కొన గాలాలు (సింగిల్ హుక్కులు) వేసే పని పెట్టుకున్నాను. అది దాదాపు 7 కిలోల చేప. వెనుక ట్రెబుల్ హుక్కు దవడను పట్టుకోగా, చేప తల విదిలించినప్పుడు లూర్ పొట్ట కింది హుక్కు తిరిగి కంటి పక్కన ఒక కొన, మొప్పల అంచున మరో కొన దిగాయి. చేతివలలోకి తీసుకునేసరికి మిగిలిన కొన వలకన్నుల్లో చిక్కుకుంది. అన్నింటినీ విడదీసేలోపు చేప చాలాసేపు నీటి బయటే ఉండిపోయింది. వదిలిపెట్టాను గాని, అది ఒరిగి ఈదిన తీరు చూస్తే బతుకుతుందన్న నమ్మకం కలగలేదు.

ఆ చేప గురించి అంతగా బాధపడడానికి కారణం ఉంది. పండుగప్ప సాధారణంగా మగచేపగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడచేపగా మారుతుంది. అందువల్ల మనకు పడే పెద్ద చేపలు దాదాపు అన్నీ ఆడవే, నదీముఖానికి వచ్చి గుడ్లు పెట్టేవే. పెద్దదాన్ని వదిలేయాలన్న నియమం పెట్టుకున్నవాడు, అది ప్రాణంతో వెళ్లేలా గాలం కట్టుకోవడం కూడా ఆ నియమంలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పడవ నడిపే పెద్దాయన ఆ రోజు, "మా తాడుకి ఎన్ని వందల గాలాలున్నా అన్నీ ఒంటివేనండి, పడ్డ చేప ఊడిపోవట్లేదు కదండీ" అన్నారు. ఆ మాట నిజమే అయినా, ఎర ఉన్న గాలాన్ని చేప మింగుతుంది, లూర్‌ను మాత్రం ఒక్కసారి కొట్టి, తిండి కాదని తెలియగానే ఉమ్మేస్తుంది. ఆ క్షణంలో ఏ వైపు నుంచి కొట్టినా ఏదో ఒక కొన తగలాలనే లూర్లకు ట్రెబుల్ హుక్కులు పెడతారు. తగలడం వేరు, నిలవడం వేరు. రెండు కొనలు ఒకేసారి గుచ్చుకుంటే ఒకదాన్ని ఒకటి ఆపుకొంటూ రెండూ లోతుగా దిగవు, పైగా చేప తల విదిలించినప్పుడు వాటిలో ఒకటి మీటలా పనిచేసి రెండోదాన్ని ఊడదీస్తుంది. మందమైన తీగతో చేసిన వెడల్పు నోటి (కొనకూ కాడకూ మధ్య ఎడం ఎక్కువున్న) సింగిల్ హుక్కు దవడ మూలను చుట్టి పడితే సులభంగా ఊడదు, పండుగప్ప నొక్కినా తెరుచుకోదు.

అయితే, ఇంట్లో ఉన్న మామూలు గాలాన్ని తెచ్చి లూర్ కింద వేలాడే చిన్న రింగుకు తగిలిస్తే సరిపోదు. మామూలు గాలం కన్ను (కాడ పైనున్న రంధ్రం) అడ్డంగా ఉంటుంది కనుక, ఆ స్ప్లిట్ రింగుకు వేస్తే ముల్లు పక్కకు వాలిపోతుంది. కన్ను 90 డిగ్రీలు తిరిగి ఉండే ఇన్‌లైన్ సింగిల్ హుక్కులు ఇందుకోసమే ఉన్నాయి. ముందు హుక్కు కొన లూర్ ముక్కు వైపుకు, వెనుక హుక్కు కొన పైకి ఉండేలా నేను అమర్చుకుంటాను. హుక్కు నోరు లూర్ పొట్టకు అడ్డుపడకుండా వెడల్పుగా ఉండాలి, కాని రెండు హుక్కులూ ఒకదానికొకటి తగులుకునేంత పొడవు ఉండకూడదు.

అసలు చిక్కు బరువుతో వస్తుంది. పొట్ట కింది హుక్కు లూర్‌ను నిటారుగా నిలిపే బరువు కూడా కనుక, దాన్ని మరీ తేలిక చేస్తే గట్టిగా లాగినప్పుడు లూర్ పక్కకు పడిపోతుంది, నీటిమధ్య నిలవాల్సిన లూర్ పైకి తేలిపోతుంది. నగలు తూచే చిన్న త్రాసులో నా 12 సెంటీమీటర్ల లూర్ పాత హుక్కులు రెండూ కలిపి 3.2 గ్రాములు తూగగా, మొదట కొన్న సింగిల్ హుక్కులు 2.1 గ్రాములే తూగాయి. ఒక సైజు పెంచి, రింగులు కొంచెం మందమైనవి వేసి, బరువు దాదాపు సమానం చేసిన తరువాతే లూర్ మునుపటిలా ఈదింది. బకెట్టు నీటిలో వేసి చూసేటప్పుడు కొంచెం ఉప్పు కలపడం అవసరం, ఎందుకంటే సముద్రం కలిసే చోటి ఉప్పటి ఏటి నీటిలో తేలే తీరు కుళాయి నీటిలో ఉండదు.

ఈ ఏడాది కొన్ని చిన్న చేపలు కొట్టి తప్పించుకున్న మాట వాస్తవం, పట్టుపడిన పెద్దవాటిలో మాత్రం ఊడినవి మునుపటికంటే తక్కువ. మడవేళ్లలో, చిరిగి కొట్టుకొచ్చే వలముక్కల్లో లూర్ చిక్కుకోవడం కూడా బాగా తగ్గింది. హుక్కు కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును ప్లయర్‌తో నొక్కేశాను కనుక చేపను నీటిలోనే ఉంచి ఒక్క తిప్పుతో హుక్కు తీయగలుగుతున్నాను. 7 సెంటీమీటర్లలోపు లూర్లకు మాత్రం సరిపడే బరువు ఇంకా కుదరలేదు. వాటికి పొట్ట హుక్కు తీసేసి, ఆ చోట చిన్న సీసం ముక్క అతికించి, వెనుక ఒక్క హుక్కుతోనే వచ్చే అమావాస్య పోటుకు ప్రయత్నించబోతున్నాను.