అరచేతిలో మిసెస్ ప్లెస్
"మేడమ్, ఇంత చిన్న తలతో వీళ్లు ఎలా బతికారు?" అని, మిసెస్ ప్లెస్ అని పేరుపడిన, లక్షల ఏళ్ల నాటి మానవ పూర్వజాతి పుర్రెకు సగం కొలతలో పోతపోసిన నమూనాను అరచేతిలో పెట్టుకొని, ఈ రోజు తరగతిలో ఒక అమ్మాయి అడిగింది.

పొడవు సగమైతే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు తగ్గుతుందనీ, 1947లో దక్షిణాఫ్రికాలోని స్టెర్క్‌ఫాంటైన్ గుహల్లో శిలాజ శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్రూమ్, జాన్ రాబిన్సన్‌లకు దొరికిన అసలు పుర్రెలో దాదాపు 485 మిల్లీలీటర్ల మెదడు పట్టేదనీ ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

అయితే కొలత ఎంత తగ్గినా చెరగనిది ఒకటుంది. పుర్రెను తలకిందులు చేసి, వెన్నుపాము దిగే రంధ్రాన్ని చూపించాను. చింపాంజీలో కంటే అది ముందుకు జరిగి ఉండటం రెండు కాళ్ల నడకకు గుర్తు. ఆ అమ్మాయి చిటికెన వేలి కొనను ఆ రంధ్రానికి ఆనించి, మరో చేత్తో తన మెడ వెనుక తడుముకుంది.