ఫ్రిజ్‌లో వెండి నీళ్లు

అమ్మ డాలస్ వచ్చి నెల కాలేదు, ఫ్రిజ్ తలుపులో ఓ నీలం సీసా కనపడింది. గుళ్లో పరిచయమైన ఆవిడ ఇచ్చిందట. "వెండి నీళ్లేగా! నీ అన్నప్రాసన వెండి గిన్నెలోనే చేశాం. రోజూ ఓ చెంచా తాగితే జలుబు దగ్గరికి రాదంట."

లేబుల్ మీద కొల్లాయిడల్ సిల్వర్ అని ఉంది. గిన్నె వేరు, ఇది వేరు. నీళ్లలో కలిసి ఉండే ఈ సన్నటి వెండి రేణువులు ఒంట్లో పేరుకుంటాయి, ఎండ తగిలేకొద్దీ చర్మం బూడిద నీలంగా మారుతుంది. ఆర్జీరియా అంటారు. తాగడం మానేసినా ఆ రంగు పోదు. పాల్ కారసన్ అనే అమెరికన్ ఏళ్ల తరబడి తాగి అచ్చం నీలిమనిషైపోయాడు, టీవీల్లో కూడా చూపించారు. ఇలాంటి వెండి మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చేసింది. (కాలిన గాయాలకు డాక్టర్లు రాసే వెండి క్రీము సంగతి వేరు, అది పైపూత.)

ఇంత చెప్పినా అమ్మ కదల్లేదు. ఫోటో చూపిస్తే "వాడు బిందెలకొద్దీ తాగుంటాడులే" అంది. "ఈ నీళ్లు నీ థైరాయిడ్ మాత్రని ఒంటికి సరిగా పట్టనివ్వవమ్మా" అన్నాక మాత్రం కళ్లజోడు తెచ్చుకుని సీసాని తిప్పి తిప్పి చూసింది.

సింకులో పారబోశాం. ఖాళీ సీసాలో ఇప్పుడు మనీప్లాంట్ తీగ ఉంది.